మూసిన తలుపుతో కబుర్లు

కోడలి నీళ్ల సీసా ఆ సాయంత్రం కూడా నిండుగానే తిరిగొచ్చింది.

అత్తగారు మూత తిప్పి, ఆ నీళ్లు వంటింటి కిటికీలో ఉన్న కుండీలకు పోసింది. పొద్దున తన చేత్తోనే నింపి సంచిలో పెట్టిన నీళ్లు. ఊరంతా తిరిగి, ఎండకు కాగి, గోరువెచ్చనై మళ్లీ తన చేతికే వచ్చాయి. కోడలు నగరపాలక సంస్థలో నీటి సరఫరా ఇంజనీరు. ఏ వీధిలో గొట్టం పగిలినా, ఏ కొళాయి ఒట్టి గాలి ఊదినా పరుగెత్తాల్సింది ఆ పిల్లే. ఊరందరికీ నీళ్లు అందించే మనిషి, తను మాత్రం గుక్కెడైనా తాగకుండా ఇల్లు చేరుతుంది. కొడుక్కి ఇదొక వేళాకోళం. "మా ఆవిడ ఒంటె. మూపురం ఒక్కటే తక్కువ" అంటాడు స్నేహితుల ముందు. వాళ్లు నవ్వుతారు. కోడలు కూడా నవ్వుతుంది, నవ్వకపోతే బాగుండదని.

"ఇవాళా తాగలేదా తల్లీ?"

"కుదర్లేదత్తయ్యా."

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. కుదరకపోవడమంటే ఏమిటో ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుంది. వెళ్లడానికి ఒక చోటుండాలి. కోడలితో పాటు తిరిగే మగవాళ్లకు ఊళ్లో ఉన్న గోడలన్నీ వాళ్లవే. ఈ పిల్లకు మాత్రం పొద్దున ఇంట్లో గడప దాటితే మళ్లీ సాయంత్రం ఆ గడప తొక్కేదాకా ఊపిరి బిగపట్టుకున్నట్టే. మొన్నామధ్య నడుం నొప్పి, జ్వరం అని వారం పడుకుంది. డాక్టరు మందు రాసిచ్చి, బాగా నీళ్లు తాగమన్నాడు. అది విని కోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ జ్వరం రోజుల నుంచే ఆమెకు బెంగ పట్టుకుంది. అసలే ఆమెది గాభరా మనసు. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్లినా మలుపు తిరిగేదాకా చూస్తుంది, తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడుతుంది. వెళ్లినవాళ్లు మళ్లీ రాకపోవడం ఆమె ఎరిగిన సంగతి. అందులోనూ ఒక చిత్రం గమనించింది. వీధి గుమ్మంలోంచి వెళ్లేవాళ్లు చెప్పి వెళ్తారు, చెయ్యి ఊపుతారు, మళ్లీ వస్తామంటారు. పెరటి గుమ్మంలోంచి వెళ్లినవాళ్లకు అలాంటి మర్యాదలేమీ ఉండవు. ఒకరోజు నుంచి రారు. అంతే.

సీసా కడిగి బోర్లిస్తుండగా కొడుకు వంటింటి గుమ్మంలోకొచ్చాడు. ఇంకా నల్లకోటు విప్పలేదు. కోర్టులో గెలిచిన రోజు ఆ కోటు అంత తొందరగా విప్పడు.

"అమ్మా, రేపు పొద్దున మేయరుగారు మనింటికొస్తున్నారు. పెద్ద గదిని నాన్న జ్ఞాపకంగా మార్చే సంగతి ఖాయమైపోయినట్టే. నాన్న బొమ్మ ఒకటి, గోడల నిండా ఫొటోలు, ఆయన కూర్చున్న కుర్చీ. వీధిలోంచి పోయేవాళ్లు లోపలికొచ్చి చూసిపోతారు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఇల్లు నీ పేరు మీదుంది కాబట్టి ఒకసారి నిన్ను అడుగుతారు. 'సంతోషం' అను, చాలు."

ఇల్లు ఆమె పేరు మీద ఉండడానికి పెద్ద కారణమేమీ లేదు. మేయరు ఎన్నికల్లో నిలబడేటప్పుడు తన ఆస్తి తక్కువ కనపడాలని ఆమె భర్త దాన్ని ఆమె పేర రాశాడు. "మహారాణివోయ్ ఇక నువ్వు" అని నవ్వుతూ సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. మహారాణి సంతకం చేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పరుగెత్తింది.

"వింటున్నావా?"

"ఊఁ" అంది ఆమె.

కొడుకు వెళ్లాక పేపరు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కొత్త మేయరు ఆడమనిషి. పూర్వం ఆసుపత్రిలో నర్సుగా పని చేసిందట. పదవిలోకి రాగానే తన ప్రాధాన్యాలేమిటో చెప్పింది, పేపరువాళ్లు లావు అక్షరాల్లో వేశారు. భయం లేకుండా నడిచే వీధులు, వేళకు అందే నీళ్లు, నాలుగు కాలాలు నిలిచే రోడ్లు. ఆమె ఆ మూడు ముక్కలూ నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదువుకుంది. ఎన్నాళ్లయినా ఆ అలవాటు పోలేదు. బడికి వెళ్లి నేర్చుకున్న చదువు కాదది. సరుకులు కట్టిచ్చే కాగితాల మీదా, ఆయన ఉపన్యాసాలు అచ్చయిన పేపర్ల మీదా ఒక్కొక్క అక్షరమే ఏరుకుని పోగేసుకున్న చదువు. ఎవరి సాయమూ లేకుండా ఆమె మొట్టమొదట చదివిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. "చీకటి మలుపు ఒక్కటి కూడా లేని నగరం నా మొదటి ప్రాధాన్యం." పైన ఆయన ఫొటో. చదివి ఆమె పకపకా నవ్వింది. ఎందుకంటే ఆ మాట ఆయనది కాదు, గంటక్కది.

అబ్బ, ఎలాంటి రోజులవి! తెల్లారకముందే వీధి గది నిండిపోయేది. అందరూ దాన్ని పెద్ద గది అనేవాళ్లు. కుర్చీలు ఈడ్చిన చప్పుడు, దగ్గులు, పొగ, ఒకరి మాట మీద ఒకరి మాట. కాంట్రాక్టర్లు, వార్డు సభ్యులు, సిఫారసు కోసం వచ్చినవాళ్లు. ఆమె టీ పళ్లెం తీసుకెళ్లి గుమ్మం దగ్గర నిలబడి చెంచాతో తలుపు మీద రెండు దెబ్బలు కొడితే ఎవరో వచ్చి అందుకునేవారు. ఖాళీ కప్పులు తీయడానికి వాళ్లంతా లేచి వెళ్లాకనే వెళ్లేది. ఆ గదిలో ఆమె కూర్చున్నది లేదు. కుర్చీలు తుడిచింది, అద్దాలు తుడిచింది, ఎవరో ఒలకబోసిన టీ తుడిచింది. "ఇంత మంది పనుల కోసం నేను ఊపిరాడకుండా ఉంటే, నీకేమోయ్, నీడపట్టున ఉంటావు" అనేవాడాయన. ఆయన తల్లి వత్తాసు పలికేది. "అంతేగా మరి. నాలుగు కప్పులు టీ కాచడం కూడా ఒక పనేనా?" నాలుగు కప్పులు! ఆ ఇంట్లో టీ గిన్నె పొయ్యి దిగిన పొద్దు ఆమె చూడలేదు.

కానీ ఇంటికి ఇంకో గుమ్మం కూడా ఉండేది. పెరటి గుమ్మం. అది తెరిస్తే సన్నటి సందు, సందు దాటితే మార్కెట్టు. పెరట్లో ఒక మూల మరుగుదొడ్డి, దాని పేరు చిన్న గది. పెద్ద గదికి పోటీగా దానికి ఆ పేరు పెట్టింది కూడా గంటక్కే.

గంటక్క మార్కెట్లో ఉల్లిపాయలు అమ్మేది. గొంతు ఖంగుమని మోగుతుందని అందరూ అలా పిలిచేవాళ్లు. ఒకరోజు పెరటి తలుపు దబదబా బాదింది. "చెల్లెమ్మా, నువ్వు మేయరుగారి భార్యవో, రాణివో నాకు తెలీదు. నాకిప్పుడు ప్రాణం పోయేట్టుంది. ఒక్కసారి లోపలికి రానివ్వు" అంది. ఆమె తలుపు తీసింది. మర్నాడు గంటక్క వెనకాల ఆకుకూరలామె వచ్చింది. ఆ తర్వాత పాత బట్టలు కుట్టే పిల్ల. నెల తిరిగేసరికి మార్కెట్లో కూర్చునే ఆడవాళ్లందరికీ ఆ పెరడు దారి తెలిసిపోయింది.

చిన్న గది తలుపుకి గడియ సరిగా పడేది కాదు. బాగు చేయించమని ఆమె అడిగితే ఆయన "ఇంట్లో ఉండేది మనమే కదా, గడియెందుకు?" అన్నాడు. అందుకని ఆడవాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపుకు వీపు ఆనించి నిలబడి, ఆపకుండా మాట్లాడుతూ ఉండాలి. మాట వినబడుతున్నంత సేపూ బయట కాపలా ఉన్నట్టు. లోపలి మనిషి మధ్యమధ్య "ఊఁ" అంటే బాగానే ఉన్నట్టు. అలా ఆ తలుపుకు చెప్పని కబురు లేదు. ఎవరి మొగుడు ఎంత తాగొచ్చాడో, ఎవరి పిల్ల ఎంత బాగా లెక్కలు చేస్తుందో, తూకం మనిషి ఎక్కడ మోసం చేస్తాడో, అన్నీ ఆ తలుపే విన్నది. వంటింటి కిటికీ దగ్గర కూరలు తరుగుతూ ఆమె కూడా విన్నది. అందరికంటే బాగా వినబడేది గంటక్క గొంతే.

"ఆ మలుపు దగ్గర దీపం లేక చస్తున్నామే. నిన్న ఈ బట్టలు కుట్టే పిల్ల గుప్పిట్లో రాయి పట్టుకుని ఇంటికెళ్లిందంట. ఏమే, వింటున్నావా?"

"ఊఁ."

"రాయెందుకే, నీ నోరు చాలదూ అన్నాను. చీకట్లో నోరు కనపడదక్కా అంది. దాని తెలివి చూడు!"

ఆమె కత్తిపీట మీదే కూర్చుని నవ్వేది. ఆ రోజు భోజనం వడ్డిస్తూ ఆయనతో చెప్పేది. ఆయన ఒక్కచోట కదలకుండా కూర్చునేది అప్పుడొక్కటే. "అన్నం దగ్గర కూడా ఊరి గొడవలేనా?" అని విసుక్కునేవాడు, కానీ వినేవాడు. నాలుగు రోజులకు అది ఉపన్యాసంలో వచ్చేది. మలుపుల్లో దీపాలు అలాగే వచ్చాయి. ఆడవాళ్లు మార్కెట్లో ఉండే వేళకి కొళాయిల్లో నీళ్లొచ్చి పోతున్నాయని ఆకుకూరలామె ఏడిస్తే, నీళ్ల వేళ అలాగే మారింది. మూత లేని కాలవలో నిండు గర్భిణి కాలు దిగబడిందని తెలిస్తే, కాలవలకు పలకలు అలాగే పడ్డాయి. ఊరంతా మెచ్చుకుంది. "ఊరి నాడి నా చేతిలో ఉంటుందోయ్" అని ఆయన మణికట్టు చూపించేవాడు. ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే పొంగిపోయింది. గంటక్కతో చెబితే గంటక్క నడుం మీద చెయ్యేసుకుని, "అయితే మేయరు నేనే అన్నమాట. నాకో బంట్రోతును పెట్టించు, ఉల్లిపాయల గంప మోస్తాడు" అంది. పెరడంతా నవ్వులు. అంత నవ్వు ఆ ఇంట్లో మళ్లీ ఎప్పుడూ వినబడలేదు.

ఒక్క మాట మాత్రం ఆమె ఎన్నిసార్లు వడ్డించినా ఆయన తీసుకోలేదు. మార్కెట్టు దగ్గర ఆడవాళ్లకి ఇలాంటి చిన్న గదొకటి కట్టించమని. "నిండు సభలో ఆ మాట ఎలా ఎత్తనోయ్? నవ్వుతారు" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "దీపాలు, నీళ్లు, రోడ్లు, ఇవీ ప్రాధాన్యాలంటే. నువ్వడిగేది ప్రాధాన్యం కాదు, అవసరం" అన్నాడు. ఆ రెండిటికీ తేడా ఏమిటో ఆమెకు ఇప్పటికీ తెలియలేదు.

ఆ పెరడు మూతపడడానికి కారణం కూడా తలుచుకుంటే నవ్వే వస్తుంది. ఒకసారి రాజధాని నుంచి చాలా పెద్దాయన ఒకరు వచ్చారు. పెద్ద గదిలో మాటల మధ్య లేచి పెరట్లోకి వెళ్లారు. అక్కడ గంటక్క వంతు వచ్చింది, కాపలాకి ఇంకో ఆడమనిషి లేదు. వెనక అలికిడి విని, గంటక్క తిరిగి కూడా చూడకుండా, "నేను లోపలికి పోతున్నా. గడియ పడదు, కాస్త మాట్లాడుతూ ఉండు" అని తలుపు వేసుకుంది. పెద్దాయన అటూ ఇటూ చూశారు. గొంతు సవరించుకున్నారు. ఏం మాట్లాడాలో తోచక, "ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయి" అన్నారు. లోపల్నుంచి "ఊఁ" అని వినబడింది. "పంటలు కూడా అంతంత మాత్రమే" అన్నారు. "ఊఁ. ఉల్లి ధర మీకేం తెలుసు, చెప్పండి" అంది గంటక్క. వంటింట్లో ఆమె కిటికీ కింద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఆమె భర్త మాత్రం నవ్వలేదు. "ఇది మేయరు ఇల్లా, బస్టాండా? అంత మనిషి చేత కాపలా కాయిస్తారా?" అని కప్పంత తాళం తెచ్చి పెరటి తలుపుకు వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆమె వడ్డించేటప్పుడు అడిగింది. ఉతికిన చొక్కా అందిస్తూ అడిగింది. మందులిస్తూ అడిగింది. ఆయన ఒకసారి నవ్వాడు, ఒకసారి కసిరాడు, ఆ తర్వాత వినిపించుకోవడం మానేశాడు.

గంటక్క ఆఖరిసారి వచ్చింది ఆ తలుపు దగ్గరికే. ఆమెకు తాళం లోపలి వైపునుంచి కనబడుతోంది, తలుపు కింది సందులో పాదాల నీడ కనబడుతోంది.

"చెల్లెమ్మా, ఉన్నావా?"

"ఊఁ" అంది ఆమె.

"తాళమా? పోనీలే. నీ చేతిలో ఏముంది? మేమందరం ఒక ఉపాయం కనిపెట్టాం. పొద్దున్నించీ నీళ్లు తాగం. తాగకపోతే ఏ బాధా లేదు." గంప దించిన చప్పుడైంది. "నాకు ఈ మధ్య ఒంట్లో బాగుండట్లేదే. మంట, జ్వరం. మా అమ్మాయి వాళ్లూరు రమ్మంటోంది. వింటున్నావా?"

"ఊఁ."

"ఉల్లిపాయలు గుమ్మం దగ్గర పెట్టి పోతున్నా. నీ కళ్లు ఎలాగూ నీళ్లు పెట్టుకుంటాయిగా, తరుగుతూ పెట్టుకో, ఎవరూ అడగరు."

పాదాల నీడ కాసేపు అక్కడే ఉండి, తర్వాత లేకుండా పోయింది. ఆ అమ్మాయి వాళ్లది ఏ ఊరో ఆమె అడగలేదు. మాట్లాడుతుంటే వినడమే తప్ప, ఆ తలుపు దగ్గర మాట అడగడం ఆమెకు అలవాటు కాలేదు.

కొత్త మేయరు వస్తుందని కొడుకు చెప్పిన రోజు పొద్దున ఆమె పెద్ద గది ఊడ్చి, కుర్చీలు తుడిచింది. కోడలు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తానని చెప్పి ఉండిపోయింది. మేయరు ఎండలో వార్డులు తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చింది. వెంట నలుగురైదుగురు మగవాళ్లు. కొడుకు ఎదురెళ్లి, నాన్నగారి కుర్చీ చూపించి, బొమ్మ ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. మేయరు తలూపుతూనే కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. కాసేపటికి గుమ్మంలో టీ పళ్లెంతో ఉన్న ఆమె దగ్గరికొచ్చి, చెవిలో మెల్లగా అడిగింది.

"అమ్మా, మీ బాత్‌రూమ్ ఎక్కడ? పొద్దున ఇంట్లోంచి బయటపడ్డదాన్ని."

ఆమె పళ్లెం అక్కడే కింద పెట్టేసింది. మేయరును వంటింట్లోంచి పెరట్లోకి తీసుకెళ్లింది. చిన్న గదికి ఇప్పుడు టైల్స్ వేయించారు కానీ గడియ మాత్రం అలాగే ఉంది. "వెళ్లమ్మా. గడియ పడదు. నేనిక్కడే ఉంటాను" అని తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించింది.

ఎదురుగా పెరటి తలుపు. తాళం తుప్పు పట్టి, తలుపులో భాగమైపోయింది. ఏమీ అనుకోకుండానే ఆమె నోరు తెరుచుకుంది.

"ఇక్కడ గంటక్క అని ఒకామె నిలబడేదమ్మా. ఉల్లిపాయలు అమ్మేది."

లోపలినుంచి జవాబు లేదు. ఇదేమిటి, ముసలితనంలో పిచ్చిమాటలు అనుకుంటుందేమో. కానీ ఆపితే లోపలి మనిషి బయట ఎవరూ లేరనుకుని కంగారు పడుతుంది కదా.

"మలుపుల్లో దీపాలున్నాయే, అవి ఆమె వెలిగించినవి. కాలవల మీద పలకలు ఆమె వేయించినవి. అందరూ మా ఆయన అనుకుంటారు. మా ఆయన మంచివాడే. ఒక్కటే మాట మింగుడు పడలేదాయనకు. ఈ గది మాట. గంటక్క నీళ్లు తాగడం మానేసింది. ఒళ్లు పాడుచేసుకుని ఎటో వెళ్లిపోయింది. ఇప్పుడు నా కోడలు మానేసింది. ఊరికి నీళ్లిచ్చే పిల్ల. పొద్దున నేను నింపిన సీసా సాయంత్రం నేనే పారబోస్తున్నాను. వింటున్నావా?"

చాలా సేపటికి లోపలినుంచి వినబడింది.

"ఊఁ."

ఎన్నేళ్లయింది ఆ శబ్దం విని!

"పెద్ద గది ఇస్తాను. బొమ్మకి కాదు."

మేయరు బయటికొచ్చి చేతులు కడుక్కుంది. కళ్లు కూడా కడుక్కుంది. "నర్సుగా ఉన్నప్పుడు ఇలా నీళ్లు తాగక మంటతో, జ్వరంతో వచ్చిన ఆడవాళ్లని ఎంతమందిని చూశానో చెప్పలేనమ్మా. అందరికీ నీళ్లు బాగా తాగమని చెప్పి పంపాను" అంది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుంది. "నాతో అన్నది అక్కడ అందరి ముందూ అనగలరా? నేను చెబితే నా మాట అయిపోతుంది."

ఇద్దరూ పెద్ద గదిలోకి వచ్చారు. కొడుకు ఆయన కుర్చీని మేయరు వైపు జరిపాడు. ఆ కుర్చీలో ఆమె కూర్చుంది. కూర్చున్నాక గానీ తను చేసిన పని ఆమెకే తెలియలేదు. కుర్చీ అనుకున్నంత మెత్తగా లేదు.

"అమ్మా, మేయరుగారు నిల్చున్నారు" అన్నాడు కొడుకు.

"చూస్తున్నాను. ఇంకో కుర్చీ వెయ్యి." ఆమె అందరి వైపూ తిరిగింది. "ఈ గది మార్కెట్టు ఆడవాళ్లకి ఇస్తున్నాను. వీధివైపు తలుపు ఉంది. లోపల రెండో మూడో బాత్‌రూములు కట్టించండి, ఒక కొళాయి, కూర్చోడానికి ఒక బల్ల. తిరిగి తిరిగి వచ్చే ఆడవాళ్లు ఎవరైనా రావచ్చు."

గదిలో ఎవరో దగ్గారు. కొడుకు ముఖం ఎర్రబడింది. "నాన్న కూర్చున్న గదిలో... అదా? అమ్మా, నలుగురూ నవ్వుతారు."

"మీ నాన్న కూడా అదే అన్నాడు" అంది ఆమె.

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న కోడలు ముందుకొచ్చింది. ఆఫీసులో గొట్టాల గురించి మాట్లాడే గొంతుతోనే, "నీళ్ల లైను ఈ గోడ పక్కనుంచే వెళ్తోందత్తయ్యా. కష్టమేం కాదు. నేను దగ్గరుండి వేయిస్తాను" అంది. మొగుడి వైపు చూడలేదు. బల్ల మీద మేయరు కోసం పెట్టిన గ్లాసు తీసుకుని, అందరి ముందూ, అడుగు కనబడేదాకా నీళ్లు తాగింది.

మేయరు నవ్వింది. "సరేనమ్మా. మరి బోర్డు మీద ఎవరి పేరు రాయించమంటారు? మీవారిదా, మీదా, మీరు చెప్పిన ఆ గంటక్కదా?"

ఆమె పెరటి వైపు చూసింది. ఇక్కణ్ణించి ఆ తలుపు కనబడదు.

"పేరుదేముందమ్మా, మీ ఇష్టం" అంది. "లోపల గడియ మాత్రం గట్టిది వేయించండి. బయట తాళం వద్దు."